ఇప్పుడే గారి దగ్గు

చనిపోయిన రోజు ఉదయం మా బావ చేసిన ఆఖరి పని, ఎప్పటిలాగే, ఒక అబద్ధం చెప్పడం. అభయారణ్యం గేటు పక్కన టిక్కెట్ల గదిలో కూర్చుని ఒక ముసలి దంపతులకి రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు. "ఈ దారిలో ఏమైనా కనబడతాయా బాబూ?" అని ఆ పెద్దావిడ అడిగింది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, సరస్సు వైపు ఒకసారి, కొండల వైపు ఒకసారి చూసి, సొంత మనిషికి రైలు తప్పిపోయినంత బాధతో, "అయ్యయ్యో, ఇప్పుడే వెళ్ళిపోయిందమ్మా!" అన్నాడు. తర్వాత ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నాడు. ఆ టీ తాగలేదు.

నేను బస్సు దిగి ఆస్పత్రికి పరుగెత్తేసరికి మధ్యాహ్నమైంది. వరండాలో నర్సు నన్ను ఆపి, మెల్లగా, "ఇప్పుడే వెళ్ళిపోయారండీ" అంది. ఆ అమ్మాయికేం తెలుసు? నాకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వుతున్న నన్ను చూసి కంగారుపడి కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళు తెచ్చింది, చివరికి మా అక్కని పిలుచుకొచ్చింది. అక్క నా మొహం చూసి, "ఆ పిల్ల ఏమందిరా?" అంది. చెప్పాను. ఇద్దరం ఆ వరండాలోనే చాలాసేపు కూర్చుండిపోయాం.

మా బావకున్న విచిత్రం ఒక్కటే. కానీ అది పదిమందికి పంచినా మిగిలేంతది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు అభయారణ్యంలో గైడుగా పనిచేసి, ఒక్క మనిషికి ఒక్క జంతువునైనా చూపించలేదని పేరు తెచ్చుకున్నాడు.

ఆ చోటేమీ సామాన్యమైంది కాదు. సరస్సు ఎంత పెద్దదంటే, మబ్బు పట్టిన రోజున అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు. మూడు వైపులా కొండలు వచ్చి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టుంటాయి. లేళ్ళు, ఎలుగుబంట్లు, కొంగల గుంపులు, నీటికుక్కలు ఉన్నాయని గేటు దగ్గర పెద్ద బోర్డు మీద బొమ్మలతో సహా వేసి ఉంటుంది. మిగతా గైడ్లతో తూర్పు దారిన వెళ్ళినవాళ్ళు కళ్ళు ఇంతలు చేసుకుని తిరిగొచ్చేవాళ్ళు. బావ వంతు ఉత్తరపు దారి. ఆయనతో వెళ్ళినవాళ్ళు కాళ్ళనొప్పులతో తిరిగొచ్చేవాళ్ళు.

"ఇదిగో, చూశారా అడుగు? ఇంకా తడారలేదు. ఇప్పుడే వెళ్ళింది" అనేవాడు.

"ఎటు వెళ్ళిందండీ?"

"అటే వెళ్ళింది. మనం మాత్రం ఇటు వెళ్దాం. అటు జలగలు."

ఒడ్డున సగం తిని వదిలేసిన చేప కనబడితే దాని ముందు గొంతుక్కూర్చుని, "భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయిందండీ పాపం. మనం ఒక్క అయిదు నిమిషాలు ముందొస్తే కలిసి కూర్చునేవాళ్ళం" అని వాపోయేవాడు. వచ్చినవాళ్ళకి ఆ చేప మీద జాలి, ఆ కనబడని జంతువు మీద జాలి, అన్నింటికంటే ఎక్కువగా, ఇంత దురదృష్టవంతుడైన గైడు మీద జాలి కలిగేది. ఆయన్నే ఓదార్చి వెళ్ళేవాళ్ళు.

సిబ్బంది ఆయనకి పెట్టిన పేరు 'ఇప్పుడే గారు'. ఆ పేరు మీద ఉత్తరాలు కూడా వచ్చేవి, సరిగ్గానే చేరేవి. ఫిర్యాదుల పుస్తకంలో సగం ఆయన మీదవే. "మీ గైడు కంటే మా గోడ మీద బల్లి నయం, అదైనా కనబడుతుంది" అని ఒకాయన రాశాడు. ఇంకొకావిడ, "నాలుగు గంటలు తిరిగాం. మేం చూసిన ఏకైక ప్రాణి మీ గైడు. మనిషి చాలా మంచివాడు" అని రాసింది. ఆ రెండోదాన్ని బావ చదువుకుని, కాగితం మీద ఎక్కించుకుని, ఇంట్లో అద్దం పక్కన అంటించుకున్నాడు.

అడవిలోంచి రాగానే ప్రతి గైడూ ఒక రిజిస్టరు నింపాలి. తేదీ, దారి, ఏం కనబడింది, ఎన్ని. మిగతావాళ్ళ పేజీలు లేళ్ళతో, కొంగలతో కిటకిటలాడుతుంటే, బావ పేజీ నిండా ఒకటే మాట: 'కనబడలేదు'. ఇరవయ్యేళ్ళ సర్వీసు నిండిన రోజున టిక్కెట్ల గుమాస్తా, వెక్కిరింతగా, 'కనబడలేదు' అని రబ్బరు స్టాంపు చేయించి అందరి ముందూ బహూకరించాడు. గదంతా గొల్లుమంది. బావ దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, "ఎంత ఉపకారం చేశావయ్యా! రాసి రాసి వేలు నొప్పెడుతోంది" అన్నాడు. మర్నాటి నుంచి నిజంగానే స్టాంపు కొట్టడం మొదలుపెట్టాడు. టపా టపా. గుమాస్తా మొహం చూడాలి అప్పుడు.

ఆయన దగ్గు గురించి కూడా చెప్పాలి. ఉత్తరపు దారిలో నల్లబండ అని ఒక మలుపుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడి పక్కది వ్యూ పాయింటుకి, ఎడమ పక్కది సరస్సు మూలన ఉన్న రెల్లు పొదల్లోకి. సరిగ్గా ఆ బండ దగ్గరికి రాగానే బావకి దగ్గొచ్చేది. మామూలు దగ్గు కాదు. కొండలు మూడూ వంతులవారీగా దాన్ని తిరిగి దగ్గేవి. బండ దాటి పది అడుగులు వేస్తే మాయం. ఇంట్లో లేదు, ఆఫీసులో లేదు, చలికాలంలో లేదు, వానలో తడిసినా లేదు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి, ఎక్స్‌రే తీసి, చివరికి, "ఆ బండని మార్చలేం కదండీ, మీరే దారి మార్చండి" అన్నాడు. అక్క పదకొండేళ్ళు ఆయనకి దగ్గుమందు పట్టించింది. బావ కిక్కురుమనకుండా పదకొండేళ్ళూ తాగాడు.

అలవాటు ఇంట్లోకి కూడా పాకింది. అక్కకి గిట్టని పక్కింటావిడ తలుపు కొడితే, అక్క వంటింటి తలుపు వెనక నిలబడి చేతులూపేది. బావ గుమ్మంలోకి వెళ్ళి, "అయ్యయ్యో, ఇప్పుడే వెళ్ళిందండీ. ఇదిగో, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది, చూడండి" అనేవాడు. ఆవిడ నిజంగానే కుర్చీ తాకి చూసి వెళ్ళిపోయేది.

నేను స్కూలు మాస్టర్ని, పత్రికల్లో నా కథలు కొన్ని వచ్చాయి. వేసవి సెలవులు వస్తే అక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ, "బావా, ఈ ఏడైనా ఒక్క నీటికుక్కని చూపించు" అనేవాణ్ణి. బొమ్మల్లో చూసి ఇష్టపడ్డ జంతువది. పొడుగాటి ఒళ్ళు, మీసాలు, చేపలా ఈదుతుంది, కుక్కపిల్లలా ఆడుతుంది అంటారు. బావ ఎంతో ఉత్సాహంగా, "రేపే! పొద్దున్నే లే" అనేవాడు. లేచేవాణ్ణి. వెళ్ళేవాళ్ళం. నల్లబండ, దగ్గు, వ్యూ పాయింటు, ఉడికించిన గుడ్లు, టీ, ఇల్లు. ఒక ఏడాది బైనాక్యులర్లు కొనుక్కెళ్ళాను. అందులోంచి బావ మొహం చాలా స్పష్టంగా కనబడింది.

ఒకసారి విసిగిపోయి, "బావా, ఈ సరస్సులో నీళ్ళున్నాయా, లేక అవి కూడా ఇప్పుడే వెళ్ళిపోయాయా?" అన్నాను.

బావ కాస్త ఆలోచించి, "ఎండాకాలం కదరా, కొంచెం వెళ్ళాయి" అన్నాడు.

ఆయనకి రిటైర్మెంటు ఇక మూడేళ్ళుందనగా ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. "మీ బావ రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదురా. నాతో మాట్లాడడం లేదు. ఒకసారి వచ్చి వెళ్ళు."

వెళ్ళాను. ముందు గుమాస్తా దగ్గర ఆరా తీస్తే సంగతి తెలిసింది. సరస్సు ఉత్తరపు మూలని అభయారణ్యంలోంచి తీసేసి, అక్కడ మోటారు పడవలకి రేవు, పక్కన హోటలు కట్టాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. ఉత్తరమే ఎందుకని ఎవరో అడిగితే, రేంజరు రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్పించి చూపించాడట. తూర్పున లేళ్ళు, పడమట కొంగలు, దక్షిణాన ఎలుగులు. ఉత్తరాన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చీమ కూడా లేదు. మొదటి ఇరవయ్యేళ్ళు చేతిరాత, తర్వాతి పదకొండేళ్ళు స్టాంపు. "ఇంత పకడ్బందీ రికార్డు నేనెక్కడా చూడలేదు" అని వచ్చిన పెద్దలు బావని మెచ్చుకున్నారట కూడా.

"మెచ్చుకుంటే ఆయన మొహం పాలిపోయిందండీ" అన్నాడు గుమాస్తా. "నాకేం అర్థం కాలేదు. ఆ స్టాంపు తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు."

ఇంటికెళ్ళేసరికి బావ పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఉన్నాయిరా" అన్నాడు.

"ఏవి?"

"అన్నీ."

నాకు అర్థం కాలేదు. ఆయన పెరటి గోడ వైపు చూస్తూ, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో, ఉత్తరపు మూలన ఒక చెట్టు వేళ్ళ కింద నీటికుక్క ఈనింది. మూడు పిల్లలు. కొత్త ఉద్యోగం, కొత్త సంబరం, రిజిస్టరు రాయడం ఇంకా మొదలవలేదు. ఎనిమిది మంది సందర్శకులని తీసుకెళ్ళి చూపించాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఈయన భుజం తట్టారు. మర్నాడు ఆ ఎనిమిది మందీ చెప్పగా నలభై మంది వచ్చారు. ఒకడు రొట్టె ముక్కలు విసిరాడు. ఇంకొకడు బయటికి రప్పిద్దామని కర్రతో కన్నంలో పొడిచాడు. ఆ మూడో రోజు నుంచి తల్లి కనబడలేదు. ఈసారి నిజంగానే కనబడలేదు.

"రెండు రోజులు అరిచాయిరా పిల్లలు. దూదితో పాలు పట్టాను. రెండు అక్కడే పోయాయి. మూడోదాన్ని ఇంటికి తెద్దామని చొక్కా జేబులో వేసుకుని నడుస్తున్నాను. నల్లబండ దగ్గరికొచ్చేసరికి జేబులో కదలిక లేదు."

అందుకని ఆ బండ దగ్గర దగ్గడం మొదలుపెట్టాడట. ముందుగా దగ్గితే మిగతా నీటికుక్కలు పొదల్లోకి తప్పుకుంటాయి. తప్పుకున్నాక కుడి పక్క దారి పట్టించి, జలగలున్నాయని చెప్పి, ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేలమందిని వ్యూ పాయింటుకి తోలుకెళ్ళాడు. ఆ జలగలు కూడా లేవట.

"రిజిస్టరులో అయినా నిజం రాయొచ్చు కదా బావా?"

"రాస్తే రేంజరు చదువుతాడు. చదివితే బోర్డు మీద బొమ్మకి బాణం గుర్తు పెట్టి, ఇటు వెళ్ళండి అని వేయిస్తాడు. నువ్వు చెప్పు, ఏం రాయను?" అని, మళ్ళీ తనే, "లేవని రాస్తే వాటి జోలికి ఎవరూ పోరనుకున్నానురా. లేని చోట రేవు కట్టొచ్చనే ఆలోచన నా బుర్రకి తట్టలేదు" అన్నాడు. తన దాచడమే వాటి కొంప ముంచిందని ఆ మనిషి రెండు రోజులుగా అన్నం మానేశాడు.

మర్నాడు రేంజరు గదికి వెళ్ళాం. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఉత్తరపు మూలలో పన్నెండు నీటికుక్కలున్నాయి సార్" అన్నాడు బావ.

రేంజరు పగలబడి నవ్వాడు. "ఇప్పుడే వెళ్ళిపోయాయా?"

"లేదు సార్. ఉన్నాయి."

"మరి ముప్ఫై ఒక్క ఏళ్ళ రికార్డు తప్పంటావా?"

"తప్పు కాదు సార్. అబద్ధం."

రేంజరు నవ్వు ఆగిపోయింది. సర్కారు రిజిస్టరులో కావాలని అబద్ధం రాయడమంటే మాటలు కాదు. ఆ సంగతి బావ స్వదస్తూరీతో రాసి సంతకం పెడితే తప్ప, మళ్ళీ సర్వే చేయించడం కుదరదన్నాడు. పెడితే మాత్రం తర్వాత జరిగేదానికి తనని అనొద్దన్నాడు. మా వెంట వచ్చిన గుమాస్తా వెనకనుంచి బావ చొక్కా లాగి, "వద్దండోయ్, ఉద్యోగం పోతుంది" అని గుసగుసలాడాడు.

"పోతే ఇప్పుడే వెళ్ళిపోయిందనుకుంటాలే" అని బావ కలం తీశాడు.

సర్వేకి ఒక మేడమ్ వచ్చింది. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు, అవసరమైతే తప్ప నోరు విప్పదు. గడువు మూడు రోజులు. కళ్ళతో చూస్తేనే రాస్తుంది, ఒకరు చెప్పిన మాట రాయదు. బావ కాక ఇంకెవరూ వెంట రాకూడదంది. నేను నల్లబండకి అర కిలోమీటరు ఇవతల, బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరూ మలుపు వైపు వెళ్ళారు. కాసేపటికి కొండలు మూడూ దగ్గాయి.

తిరిగొచ్చాక బావ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడే వెళ్ళిపోయాయి మేడమ్. ఒట్టు. ఈసారి నిజంగా" అంటున్నాడు. మేడమ్ పెన్సిలు తీసి 'కనబడలేదు' అని రాసింది. స్టాంపు లేదు కాబట్టి చేత్తోనే రాసింది.

"దగ్గేశానురా!" అన్నాడు ఇంటికొస్తూ. "దగ్గకూడదు దగ్గకూడదు అనుకుంటూనే ఉన్నాను. బండ కనబడగానే దానంతటదే వచ్చేసింది. ఆ దగ్గు వింటే లోపలికి పొండని వాటికి తాతల కాలం నుంచి నేర్పించింది నేనే కదా!"

రెండో రోజు నోట్లో తువ్వాలు కుక్కుకుని వెళ్ళాడు. దగ్గు రాలేదు. దారి దొరక్క అది తుమ్మై ముక్కులోంచి వచ్చింది. తుమ్ముకి కూడా కొండలు జవాబిచ్చాయి. మేడమ్ రెండో 'కనబడలేదు' రాసి, "రేపొక్క రోజే ఉందండీ" అంది. కోపంగా అనలేదు. అందుకే బావకి మరీ బాధేసింది.

ఆ సాయంత్రం అక్క ఆయన ఎదురుగా కూర్చుని, పదకొండేళ్ళు తాగించిన దగ్గుమందు సీసా చేతిలో పట్టుకుని, "అయితే ఇది దగ్గు కాదా?" అంది.

"కాదే."

"మరి ఎందుకు తాగారు?"

"ప్రేమగా ఇచ్చావు కదా అని."

అక్క ఆ సీసా కిటికీలోంచి పెరట్లోకి విసిరింది. వెనక్కి వచ్చి, "ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపండి. మీరు వెళ్తేనే కదా అవి దాక్కునేది" అంది. మా ఇద్దరికీ తట్టని మాట అది.

కానీ ఒంటరిగా పంపాలంటే చోటు చెప్పాలి. ఏ చెట్టు, ఏ వేరు, ఏ రాయి వెనక కూర్చోవాలి, గాలి ఎటునుంచి వీస్తే కదలకూడదు, అన్నీ చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నోటివెంట రానివ్వని చోటు. మూడో రోజు ఉదయం బెంచీ దగ్గర మేడమ్ ముందు నిలబడి చెప్పడానికి ఆయన మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూశాడు. చివరికి ఆమె నోట్‌బుక్కు మూసి సంచిలో పెట్టేసి, "రాసుకోనులెండి. గుర్తుపెట్టుకుని, మళ్ళీ మర్చిపోతాను" అంది. అప్పుడు చెప్పాడు. ఆమె చెవిలో. నాక్కూడా వినబడకుండా.

ఆమె మలుపు వైపు నడిచింది. బావ బెంచీ మీద, రెండు చేతులూ కిందపెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. ఆమె నల్లబండ చేరే సమయం ఈయన గుండెల్లో గడియారంలా కొట్టుకుంటోంది. మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వస్తోందిరా" అన్నాడు.

"ఏం వస్తోంది?"

"దగ్గు!"

ఇద్దరం లేచి గేటు వైపు పరుగు లంకించుకున్నాం. యాభై ఏడేళ్ళ మనిషి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, సందర్శకులని తోసుకుంటూ పరుగెత్తుతుంటే, అడవిలో ఏదో నిజంగానే కనబడిందనుకుని వాళ్ళు కూడా మా వెనక పరుగెత్తారు. టిక్కెట్ల గదిలోకి దూరి, గుమాస్తాని పక్కకి నెట్టి, తలుపూ కిటికీ మూసుకుని, కుర్చీ మీది దిండులో మొహం పెట్టి దగ్గాడు. గది దద్దరిల్లింది. గుమాస్తా గోడకి అతుక్కుపోయి, "మంచినీళ్ళు కావాలాండీ?" అన్నాడు.

మేడమ్ మూడున్నర గంటల తర్వాత వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెవి వెనక పెన్సిలు లేదు, ఎక్కడో పడిపోయింది. బావ ముందు నిలబడి, "పదకొండు" అంది.

బావ మొహం వికసించలేదు. "పన్నెండు ఉండాలే" అన్నాడు కంగారుగా. "చెవి తెగినది ఉందా?"

"ఉంది."

"దాని వెనక తోక పొట్టిది?"

"ఉంది. చిన్నవి నాలుగు కూడా లెక్కపెట్టాను."

"అమ్మయ్య. అయితే మిగిలింది ముసలిదే. దానికి ఎండ పడదు. మధ్యాహ్నం బయటికి రాదు."

మేడమ్ గుమాస్తా దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, నిలబడే రాసేసింది.

రేవు రాలేదు. హోటలు రాలేదు. ఉత్తరపు మూలకి ఇక ఎవరూ వెళ్ళకూడదని ఉత్తర్వు వచ్చింది. సందర్శకులే కాదు, గైడ్లూ, రేంజరూ కూడా. ఆ 'ఎవరూ'లో బావ కూడా ఉన్నాడు. నల్లబండ దగ్గర ఇనుప కంచె వేశారు. అబద్ధపు రికార్డుకి శిక్షగా ఆయన్ని గైడు పనిలోంచి తీసి టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టారు. అవి బాగానే ఉన్నాయని తెలుసు, చూడ్డానికి మాత్రం లేదు. ఏడాదిన్నర అలాగే కూర్చున్నాడు. గదిలోంచి చూస్తే సరస్సులో ఓ ముక్క కనబడేది. వచ్చినవాళ్ళకి ఇప్పుడే వెళ్ళిపోయిందని చెప్పడం మాత్రం మానలేదు. "ఇప్పుడెందుకండీ ఇంకా?" అని గుమాస్తా అంటే, "మిగతా దారుల్లో ఉన్నవి ప్రాణులు కావా?" అన్నాడట.

బావ పోయిన నెల రోజులకి మేడమ్ అక్కని చూడ్డానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ముందు గదిలో కూర్చుని టీ తాగుతూ, వెళ్ళబోయే ముందు, నా వైపు తిరిగి, "మీరు వెళ్ళొచ్చారా మరి?" అంది.

"ఎక్కడికండీ?"

"ఉత్తరపు మూలకి. కంచె వేసిన వారంలోనే నేను అనుమతి కాగితం మీద సంతకం చేసిచ్చానుగా. ఆయనా, ఇంకొకరూ, ఒక్క రోజుకి. ఇంకొకరెవరని అడిగితే మా బావమరిది అన్నారు. మీరు పత్రికల్లో కథలు రాస్తారటగా?"

అక్క లోపలికెళ్ళి ఆయన పెట్టె వెతికి తెచ్చింది. కాగితం నాలుగు మడతల్లో ఉంది. తేదీ వెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"వెంటనే వెళ్ళమని చెప్పానండీ" అంది మేడమ్. "ఆయనే ఒప్పుకోలేదు. 'వాడు మంచివాడే మేడమ్, కానీ రాస్తాడు. చూసింది రాయకుండా ఉండలేడు. వాడు రాయడం మానేసిన మర్నాడు ఇద్దరం కలిసి వెళ్తాం' అన్నారు."

నేను ఒక్క వాక్యం రాసి అప్పటికి నాలుగేళ్ళు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం బావ ఫోన్ చేసి, "ఏమోయ్, ఏమైనా రాస్తున్నావా?" అని అడిగేవాడు. పరువు పోతుందని, పెద్ద నవల నడుస్తోంది బావా, ఇంకా సగంలోనే ఉంది అనేవాణ్ణి. "కానీ, కానీ. అయ్యాక చెప్పు, తొందరేం లేదు" అనేవాడు.